మూడు శబ్దాలు, ఒకటే ఎస్టిమేటు

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సొంతూరు తెనాలి, వయసు నలభై నాలుగు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట 1995 మోడల్ మాజ్డా మియాటా అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు కొన్నారు. 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్, లక్షా ముప్ఫై ఎనిమిది వేల మైళ్లు తిరిగిన బండి. కాలేజీ రోజుల్లో పోస్టర్ మీద చూసిన కారట. కొనేటప్పుడే భార్యకు మాట ఇచ్చారు: ఏడాదికి వెయ్యి డాలర్లు దాటి దీని మీద పెట్టనని.

పోయిన అక్టోబరులో ఒక చిన్న షాపులో క్లచ్ మార్పించారు. సంక్రాంతి దాటాక వెనక నుంచి రొద మొదలై, అప్పటి నుంచి పెరుగుతోంది. గంటకు 45 మైళ్ల దగ్గర సన్నగా మొదలై, 60కి వచ్చేసరికి పక్కనున్నవారితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కొంచెం తగ్గినట్టు ఉంటుంది, ఒక్కోసారి తగ్గదు. హైవే నుంచి ఎడమకు తిరిగే పొడవాటి ర్యాంపు మీద మాత్రం కచ్చితంగా పెరుగుతుంది. ఇది కాక, ట్రాఫిక్‌లో కాలు వేసి తీసినప్పుడల్లా కింద ఎక్కడో ‘ఠంగ్’మంటుంది. గరాజ్‌లోంచి రివర్స్‌లో తీసి, ఆపి, ముందుకు కదిలితే ఒకే ఒక్క ‘టక్’.

వేరే షాపుకు తీసుకెళ్తే పది నిమిషాలు నడిపి చూసి, డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) పోయింది, రీబిల్డ్ చేయాలి, 2,800 డాలర్లు అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం మూడు వారాలుగా ఆయన లాప్‌టాప్ బ్యాగులో ఉంది, ఇంట్లో చూపించలేదు. ఒక స్నేహితుడు టైర్లన్నాడు, ఇంకొకడు చిక్కటి ఆయిల్ పోయమన్నాడు, హ్యూస్టన్‌లో ఉన్న బావమరిది అమ్మేయమన్నాడు. అబ్బాయికి పదిహేనేళ్లు నిండి లెర్నర్ లైసెన్సు వచ్చింది, వాడికి గేర్ల బండి నేర్పాలని ఈయన ఆశ. “ఆ మోత ఏంటో తేలేదాకా పిల్లాణ్ణి అందులో ఎక్కనివ్వను” అని భార్య చెప్పేశారు. పోయింది నిజంగా డిఫరెన్షియలేనా, ఆ డబ్బు పెట్టాలా, అమ్మేయాలా, ఈలోపు నడపవచ్చా అని ఆయన అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం మీరు బ్రాకెట్లలో పడేసింది: “క్లచ్ పనిలోనే డిఫరెన్షియల్ ముక్కు దగ్గర ఆయిల్ చెమరుస్తోందని సీల్ కూడా మార్చారు.” దాని దగ్గరికి వస్తాను. ముందు ఒక ముడి విప్పుదాం.

మీరు వింటున్నవి మూడు వేర్వేరు శబ్దాలు. మూడూ వెనక నుంచే వస్తున్నాయి, మూడూ ఒకే చలికాలంలో మీ చెవిన పడ్డాయి, అందుకని మూడింటినీ ఒకే జబ్బు అనుకున్నారు. షాపువాళ్లూ అలాగే అనుకుని ఒకే ధర వేశారు. వాళ్లను మోసగాళ్లని అనను. పాత కారు డిఫరెన్షియల్ విప్పితే ఏం బయటపడుతుందో తెలియదు, బిగించాక రొద పోకపోతే మీరు మళ్లీ వస్తారు, ఆ రిస్కంతా ముందే ధరలో కలిపేశారు. కానీ కారును లిఫ్ట్ ఎక్కించకుండా, చక్రం చేత్తో తిప్పి చూడకుండా చెప్పిన మాట అంచనా కిందికే వస్తుంది. డిఫరెన్షియల్‌ను చిట్టచివర విప్పాలి. అందులో పళ్ల అమరిక మిల్లీమీటరులో పదో వంతు తేడాల మీద నడుస్తుంది. బాగున్నదాన్ని విప్పి సరిగ్గా బిగించకపోతే లేని కూత కొత్తగా వస్తుంది.

చిన్నదాంతో మొదలుపెడతాను. రివర్స్ తీసి ముందుకు కదిలినప్పుడు వచ్చే ఒంటి ‘టక్’ ఈ తరం మియాటాల్లో పాత కథే. వెనక చక్రం హబ్ మధ్యలోంచి యాక్సిల్ షాఫ్టు చివర బయటికి వచ్చి, ఒక పెద్ద నట్టుతో బిగుస్తుంది. ఏళ్లు గడిచాక ఆ షాఫ్టు చివరి కీలు (సి.వి. జాయింటు) భుజం, బేరింగ్ లోపలి రింగూ ఒరుసుకునే చోట పొడిబారి, లోడు దిశ మారినప్పుడల్లా ఒక్కసారి జారుతుంది. అదే ఆ టక్కు. నట్టు తీసి, ఆ ముఖం శుభ్రం చేసి, పల్చగా గ్రీజు రాసి, కొత్త నట్టు వేసి 159 నుంచి 217 ఫుట్-పౌండ్ల మధ్య బిగిస్తే చాలావరకు పోతుంది. పెద్ద టార్క్ రెంచి లేకపోతే ఇంట్లో చేయకండి, షాపులో చిన్న పనే. తిరుగుతున్నప్పుడు వరుసగా టకటకమంటే సి.వి. జాయింటును అనుమానించాలి. మీరు ఒక్కసారే అంటున్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టొచ్చు.

‘ఠంగ్’ సంగతి వేరు. మియాటాలో గేర్‌బాక్సు తోక నుంచి డిఫరెన్షియల్ వరకు పొడవాటి అల్యూమినియం చట్రం ఒకటి ఉంటుంది. మాజ్డా దాన్ని పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటుంది. గేర్‌బాక్సు కింద వేరే మౌంటు ఉండదు, ఈ చట్రమే మోస్తుంది. క్లచ్ మార్చాలంటే దీన్ని విప్పాలి, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కు బలం తీసుకెళ్లే పొడవాటి కడ్డీ) కూడా ఊడదీయాలి. అక్టోబరులో మీ కారుకు ఈ రెండూ జరిగాయి. కాబట్టి ఠంగ్‌కు మొదటి అనుమానం పాత అరుగుదల మీద పెట్టను, ఇటీవల తిప్పిన బోల్టుల మీద పెడతాను. ఆ చట్రం బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు ఉన్నాయో లేదో చూపించండి. బిగించేటప్పుడు చట్రం ఎత్తు కూడా కుదరాలి. కుదరకపోతే షాఫ్టు కోణం మారి వణుకు పుడుతుంది.

తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు, అంటే మన లారీ మెకానిక్కులు క్రాసులనేవి. కారు జాకీ స్టాండ్ల మీద ఉన్నప్పుడు జాయింటుకు అటొక చెయ్యి, ఇటొక చెయ్యి వేసి ఎదురెదురుగా మెలితిప్పండి. జాయింటులో ఏ కొంచెం ఆడినా పోయినట్టే. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కనిపించినా అంతే. మియాటాలో ఇవి గ్రీజు కొట్టడానికి నిపుల్ లేని, అంచులు నొక్కేసిన జాయింట్లు, కంపెనీ లెక్కలో షాఫ్టు మొత్తం మార్చాలి. షాఫ్టుల పనే చేసే షాపులు మార్చగలిగే జాయింట్లు వేసి ఇస్తాయి. మీ ఆవిడ భయానికి ఇక్కడ ఆధారం ఉంది: హైవే మీద ఈ జాయింటు తెగితే షాఫ్టు కారు కింద కొట్టుకుంటుంది. రొద ఎంత చిరాకు పెట్టినా ఆగొచ్చు గానీ, క్రాసు ఆడుతోందని తేలితే మాత్రం ఆ రోజే బండి పక్కన పెట్టండి.

డిఫరెన్షియల్‌ను పైనుంచి పట్టుకునే రబ్బరు మౌంట్లు కూడా ముప్ఫై ఏళ్లవే. ఒకరు చేతి బ్రేకు వేసి, మొదటి గేరులో క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి డిఫరెన్షియల్ ముక్కు ఎంత లేస్తోందో చూడొచ్చు. కారు ముందు గానీ వెనక గానీ ఎవరూ ఉండకూడదు.

ఇక రొద. దీనికి నాలుగు చిరునామాలు ఉండొచ్చు: టైర్లు, హబ్ బేరింగ్, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్. చిన్న కారు, గుడ్డ టాపు, సీటు వెనకే డిఫరెన్షియల్. ముందు చక్రం బేరింగ్ అరిచినా వెనక నుంచే వచ్చినట్టు వినిపిస్తుంది. చెవిని నమ్మకండి, లోడు మార్చి చూడండి.

ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద టాపు వేసి, అద్దాలు ఎత్తి 60కి వెళ్లండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వేసి క్లచ్ వదలండి. ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతూనే ఉండాలి. తాళం తీశారంటే స్టీరింగ్ బిగుస్తుంది, బ్రేకు బరువెక్కుతుంది, అది చేయొద్దు. కారును అలా 30 దాకా జారనివ్వండి. రొద వేగంతో పాటు మెల్లగా దిగితే అది చక్రాలతో పాటు తిరిగేదే: టైరు, బేరింగ్, షాఫ్టు, డిఫరెన్షియల్. న్యూట్రల్‌లో పడగానే ఠక్కున ఆగిపోతే ఇంజనో, సైలెన్సరు మోతో, లోడు మీద ఉన్న గేరో.

తర్వాత ఒకే వేగంలో మూడు, నాలుగు, ఐదు గేర్లు మార్చి చూడండి. మీ గేర్‌బాక్సులో నాలుగోది డైరెక్ట్ గేరు. బలం లేషాఫ్టు (గేర్‌బాక్సులో పక్కనుండే రెండో షాఫ్టు) మీదుగా వెళ్లకుండా తిన్నగా వెనక్కి పోతుంది. మూడులో, ఐదులో అరిచి నాలుగులో నెమ్మదిస్తే గేర్‌బాక్సు బేరింగులను చూడాలి. ఐదో గేరులో 60 మైళ్లకు మీ ఇంజన్ మూడు వేల ఆర్.పి.ఎం. దగ్గర ఉంటుంది. సైలెన్సరు మార్చిన కార్లలో మోత కూడా సరిగ్గా అక్కడే పుడుతుంది, ఎంతమంది దాన్ని డిఫరెన్షియల్ అనుకున్నారో లెక్కలేదు. గేరు మార్చినా రొద శ్రుతి మారకపోతే ఇంజన్‌నీ గేర్‌బాక్సునూ జాబితాలోంచి కొట్టేయండి.

టైర్లు ఎన్నాళ్లవో మీరు రాయలేదు. ఏడాదికి మూడు వేల మైళ్లు తిరిగే బండికి టైర్లు అరిగిపోవు, ముసలివైపోతాయి. పక్కగోడ మీద డి.ఓ.టి. అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని. తర్వాత అరచేత్తో ట్రెడ్‌ను ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా తగిలితే అలైన్‌మెంటు తేడాతో అరిగిన టైరు, అది ఎలుగ్గొడ్డులా మూలుగుతుంది. మీ డాలస్ హైవేలు చాలావరకు కాంక్రీటువి, వాటి మీద మోత ఇంకా ఎక్కువ. కొత్త తారు రోడ్డు ఎక్కగానే రొద గొంతు మారితే అది టైరే. సందేహం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అదే రోడ్డు మీద నడపండి. దీనికి మీ శ్రమే ఖర్చు. డిఫరెన్షియల్ రీబిల్డ్ అయ్యాక టైరని తేలడం కన్నా ఇది చవక.

ఎడమ ర్యాంపు మాట నేను మరిచిపోలేదు. కారు ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు పెరిగే రొదకు కుడివైపు బేరింగ్ పెద్ద అనుమానితుడు. డిఫరెన్షియల్‌కు ర్యాంపు ఎటు తిరిగిందో పెద్దగా పట్టదు. ఖాళీ వెడల్పు రోడ్డు మీద 45లో స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపి, ప్రతిసారీ ఒకేవైపు పెరుగుతోందేమో చూడండి. అప్పుడప్పుడు బేరింగులు దీనికి ఎదురు కూడా ప్రవర్తిస్తాయి, కాబట్టి ఇది సూచనే, తీర్పు కాదు. తీర్పు చేతులతో వస్తుంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగం లేపి స్టాండ్ల మీద దించండి. చేతి బ్రేకు పట్టేది వెనక చక్రాలనే కాబట్టి దాన్ని వదలాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఆనించండి. బాగున్న బేరింగ్ అయితే స్ప్రింగ్ నిశ్శబ్దంగా ఉంటుంది. పోయిన బేరింగ్ గరగర మొత్తం ఆ స్ప్రింగ్ చుట్ల గుండా వేళ్లలోకి, ఇసుక నలిగినట్టు, పాకుతుంది. చెవికి వినిపించని దశలోనే చేతికి తెలుస్తుంది. రెండో వైపు కూడా పట్టి పోల్చండి. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆడితే ఇక నడపొద్దు.

ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేసి, చక్రాలను గాలిలో తిప్పించి వినే పరీక్ష మాత్రం ఇంట్లో వద్దు. టోర్సెన్ రకం (రెండు చక్రాలకూ బలం చేరేలా చూసే) డిఫరెన్షియల్ ఉన్న కారులో ఒక చక్రం నేలకు తగిలినా బండి స్టాండ్ల మీంచి దూకుతుంది. పైగా సస్పెన్షన్ వేలాడుతుంటే సి.వి. జాయింట్లు మామూలుగా లేని కోణంలో తిరిగి, లేని శబ్దాలు పుట్టిస్తాయి.

ఇప్పుడు ఆ బ్రాకెట్ల సంగతి. డిఫరెన్షియల్ ముక్కులో, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి కలిసే ముందు చివర, ఉండే సీల్ మార్చాలంటే పినియన్ (షాఫ్టుతో తిరిగే చిన్న పళ్ల చక్రం) ఫ్లాంజ్‌ను (షాఫ్టు వచ్చి బిగుసుకునే పళ్లెం) పట్టుకునే నట్టు విప్పాలి. మామూలు నట్టులా కనిపిస్తుంది, కాదు. దాని వెనక రెండు బేరింగుల మధ్య నలిగే గొట్టం ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీలో నట్టు బిగించినప్పుడు ఆ గొట్టం కొలత ప్రకారం నలిగి, బేరింగుల మీద సరిపడా ఒత్తిడి నిలుస్తుంది. జాగ్రత్త ఉన్న మెకానిక్ నట్టు విప్పే ముందు దాని స్థానం గుర్తు పెట్టుకుని, తిరిగి అక్కడికే తెస్తాడు, లేదా పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతోందో ముందే కొలుస్తాడు. ఇంపాక్ట్ గన్నుతో గట్టిగా బిగించేస్తే గొట్టం ఇంకా నలిగి, ఒత్తిడి పెరిగి బేరింగులు వేడెక్కి, కొన్ని వందల మైళ్లలో గరగరలాడతాయి. వదులుగా వదిలితే పినియన్ ముందుకూ వెనక్కూ జారుతుంది. కాలు వేసినప్పుడొక శబ్దం, తీసినప్పుడొక శబ్దం, మధ్యలో ఠంగ్. అక్టోబరులో పని, సంక్రాంతి తర్వాత రొద: కాలం కుదురుతోంది. దీంతోనే నేరం రుజువైందని అనను. కానీ డిఫరెన్షియల్‌లో మొదట చూడాల్సిన చోటు ఇదని అంటాను.

కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడే ఆ ఫ్లాంజ్‌ను పట్టుకోండి. తిరిగే దిశలో కాస్త ఆడుతుంది, అది పళ్ల మధ్య సందు, సహజం. పైకీ కిందికీ గానీ, ముందుకీ వెనక్కీ గానీ వెంట్రుకవాసి కదిలినా పినియన్ బేరింగ్ వదులైనట్టే. అస్సలు ఆడకుండా తిప్పితే పట్టిపట్టి తిరిగితే అతిగా బిగించారని అనుమానం.

రోడ్డు మీద దీని లక్షణం కాలితో తెలుస్తుంది. 55 దగ్గర మెల్లగా వేగం పెంచుతూ ఒకసారి వినండి, కాలు పూర్తిగా తీసి ఒకసారి, వేగం పెరగకుండా తగ్గకుండా కాలు ఊరికే ఆనించి ఒకసారి. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం), పినియన్ల కూత ఈ మూడు స్థితుల్లో మూడు రకాలుగా ఉంటుంది, ఏదో ఒక చిన్న వేగపు పట్టీలోనే గట్టిగా వినిపిస్తుంది. టైరూ హబ్ బేరింగూ కాలిని పట్టించుకోవు. “ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు” అని మీరు రాసింది ఏ వేగంలోనో, ఎంత కాలు మీదో రాసుకుంటే సగం జవాబు అక్కడే ఉంటుంది.

మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఇంకో దారి చెబుతాను. ధ్వనిని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి చూపే యాప్ ఏదైనా ఫోన్‌లో వేసి, పక్క సీట్లో మీ అబ్బాయి చేతికి కాదు, స్నేహితుడి చేతికివ్వండి. కంపెనీ సైజు 185/60 ఆర్ 14 టైరు 60 మైళ్లకు సెకనుకు సుమారు 15 చుట్లు తిరుగుతుంది. మీ డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 60 చుట్ల పైచిలుకు. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 10. పళ్లు కలిసే శబ్దం 600 హెర్ట్జ్ దాటి ఉంటుంది. క్రాసు జాయింటు వణుకు షాఫ్టు వేగానికి రెట్టింపులో, 120 దగ్గర కనబడుతుంది. గ్రాఫ్‌లో 600 చిల్లర దగ్గర నిలువు గీత లేచి, వేగంతో పాటు జరుగుతుంటే క్రౌన్-పినియన్ మాట్లాడుతోందని. అలాంటి గీతేదీ లేకుండా కింది భాగమంతా గుబురుగా ఉంటే బేరింగో టైరో. దీన్ని చూపిస్తే షాపువాళ్లు కూడా మీతో మాట్లాడే తీరు మారుతుంది.

ఇవన్నీ చేశాకే ఆయిల్. డిఫరెన్షియల్ ఆయిల్ దించేటప్పుడు పైనున్న నింపే ప్లగ్గు ముందు విప్పండి. కిందది విప్పి ఆయిలంతా కార్చేసి, పైది పట్టేసిందని తెలిసి బండిని టో ట్రక్కు ఎక్కించినవాళ్లున్నారు. ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుంటే ఆ వయసుకు సహజం. వేళ్ల మధ్య రుద్దితే గుచ్చుకునే రేకులు, ముక్కలు వస్తే లోపల పని ఉంది. ఒక లీటరు పడుతుంది, జి.ఎల్-5 రకం 90 గ్రేడు గానీ 75డబ్ల్యూ-90 గానీ. రంధ్రం అంచుకు వచ్చేదాకా, కారు సమంగా ఉన్నప్పుడు పోయాలి. సీల్ మార్చిన రోజు మళ్లీ నిండుగా పోశారో లేదో కూడా అప్పుడే తేలుతుంది. మీ స్నేహితుడు చెప్పిన చిక్కటి ఆయిల్ రొదను కొన్నాళ్లు కప్పుతుందేమో, బేరింగును బాగుచేయదు. లిమిటెడ్ స్లిప్‌కు (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్‌కు) ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ వేయమని ఇంకెవరో చెబుతారు. అది క్లచ్ పలకలున్న వాటికి. మీ మోడల్‌లో వచ్చింది ఓపెన్ (మామూలుది) అయినా టోర్సెన్ అయినా పలకలుండవు, డబ్బు దండగ.

పరీక్షల్లో టైరనో హబ్ బేరింగనో తేలితే 2,800 కాగితం చింపేయొచ్చు. పినియన్ అని తేలితే మీ ముందు కొన్ని దారులున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో బరువుంది.

సీల్ వేసిన షాపుకు బిల్లుతో వెళ్లొచ్చు. గొడవగా కాదు. “నట్టు గుర్తు పెట్టి విప్పారా, పినియన్ తిరిగే బలం కొలిచారా?” అని ఒకే ప్రశ్న అడగండి. సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్లయితే వాళ్లకే సరిచేసే అవకాశం ఇవ్వొచ్చు. ప్రశ్నే అర్థం కాకపోతే ఆ చేతుల్లో డిఫరెన్షియల్ మళ్లీ పెట్టకండి, డబ్బు వెనక్కి అడగడం వేరే సంగతి.

రీబిల్డ్ చేయిస్తే బేరింగులు కొత్తవి వస్తాయి, కానీ క్రౌన్, పినియన్ జతగా అరిగిన పళ్లు. తప్పు స్థానంలో కొన్ని వేల మైళ్లు తిరిగి ఉంటే, బేరింగులు మార్చి పళ్ల ముద్ర (పళ్లు ఒకదానికొకటి తాకిన చోటు గుర్తు) చూసి ఎంత జాగ్రత్తగా అమర్చినా కూత కొంత మిగలవచ్చు. ఏమేం మారుస్తారు, పళ్ల ముద్ర ఫొటో ఇస్తారా, రొద మిగిలితే ఎవరి ఖర్చు అని రాతలో తీసుకోండి. క్రౌన్‌ను అక్కడ రింగ్ గేర్ అంటారు, ఆ మాటే వాడండి.

జంక్ యార్డు నుంచి డిఫరెన్షియల్ మొత్తంగా తెచ్చి వేయడం మీ కారు విషయంలో నాకు నచ్చిన దారి. ఈ తరం మియాటాలు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి, సామాను దొరుకుతుంది. 1994 నుంచి 97 మధ్య 1.8 కారుదే తీసుకోండి. 1990-93 నాటి 1.6 కార్లలోది చిన్నది, బలహీనమైనది. తర్వాతి తరంలో 4.3 నిష్పత్తివి ఉన్నాయి, వేస్తే బండి చురుగ్గానే ఉంటుంది గానీ మీ స్పీడోమీటరు గేర్‌బాక్సు నుంచి తిరుగుతుంది కాబట్టి అయిదు శాతం ఎక్కువ చూపిస్తుంది. కొనేముందు ఫ్లాంజ్ చేత్తో తిప్పి, ఆడించి చూడండి, లోపలి ఆయిల్ వాసన చూడండి. చాలా యార్డులు సామానుకే గ్యారంటీ ఇస్తాయి, కూలికి ఇవ్వవు. అంటే అదీ అరిస్తే రెండోసారి కూలి మీదే.

ఏమీ చేయకుండా నడపడం కూడా ఒక దారే. నెలల తరబడి అదే స్థాయిలో ఉండే కూతతో, ఆయిల్ సరిగ్గా ఉంటే, కార్లు ఏళ్లు తిరుగుతాయి. కానీ వారం వారం పెరుగుతున్నా, వణుకు మొదలైనా, అయస్కాంతానికి ముక్కలు దొరికినా ఈ దారి మూసుకుపోతుంది. పినియన్ బేరింగ్ పట్టేస్తే వెనక చక్రాలు పరుగులో బిగుసుకుంటాయి. మీదైతే సంక్రాంతి నుంచి పెరుగుతోందని అంటున్నారు.

అమ్మకం గురించి మీ బావమరిదితో నాకు పేచీ లేదు, ఆయన కారణంతో ఉంది. రొదున్న కారును రొద పేరు తెలియకుండా అమ్మితే కొనేవాడు దాన్ని డిఫరెన్షియల్ ధరకు తగ్గించే అడుగుతాడు. అది హబ్ బేరింగే అయితే మీరు రెండు వేలు ఊరికే వదులుకున్నట్టు. అమ్మాలన్నా ముందు పరీక్షలు చేయండి.

మీ ఆవిడ విషయం. మీ ఉత్తరం ప్రకారం ఆవిడ ఎక్కడా కారు అమ్మమనలేదు. మోత ఏంటో తేలాలన్నారు, అంతే. వెయ్యి డాలర్ల మాట గుర్తున్నది మీకు, అందుకే కాగితం బ్యాగులో దాచారు. ఈ వారమే ఆ కాగితం బయట పెట్టండి, దాంతోపాటు పరీక్షల వరుస కూడా చెప్పండి. ఆవిడతో కూర్చుని ఒక అంకె అనుకోండి: అంతలో అయితే చేయిద్దాం, దాటితే అమ్ముదామని. పరీక్షలు అయ్యాక అనుకునే అంకెకు విలువ తక్కువ, అప్పటికి మీరు కారు వైపు వాదిస్తుంటారు. కాగితం ఆవిడ కంట ఎప్పుడో పడే ఉండొచ్చని కూడా నాకో అనుమానం. ఇళ్లలో లాప్‌టాప్ బ్యాగు అంత భద్రమైన చోటేం కాదు.

మీ అబ్బాయి సంగతికి జవాబు కొంచెం తేలిక. క్రాసులు ఆడటం లేదని, హబ్‌లు ఊగటం లేదని, పవర్ ప్లాంట్ ఫ్రేమ్ బోల్టులు బిగువుగా ఉన్నాయని, పినియన్ ఫ్లాంజ్ కదలటం లేదని, ప్లగ్గుకు ముక్కలు అంటలేదని తేలితే, ఖాళీ పార్కింగ్ లాట్‌లో మొదటి రెండు గేర్లు నేర్పడానికి ఆ రొద అడ్డు కాదు. ఇరవై మైళ్ల వేగంలో అది వినిపించదు కూడా. హైవే మాత్రం రొద పేరు తేలాకే. ఈలోపు కారు స్టాండ్ల మీద ఉన్న రోజు వాణ్ణి పక్కన ఉంచుకుని, స్ప్రింగ్ మీద చెయ్యి వాడితోనే పెట్టించండి. కారు కిందికి దూరే పని మాత్రం మీరే చేయండి, అదీ స్టాండ్లు సరిగ్గా కూర్చున్నాయని ఊపి చూశాకే.